మిషను మాట

ఆనంద్ బాబు పై పెదవి కదలదు. మాట్లాడేటప్పుడు కింది దవడ ఒక్కటే పైకీ కిందికీ పోతుంది, చక్కెర డబ్బా మూత తెరిచి మూసినట్టు. పై పెదవి మాత్రం ఆ మాటలతో తనకేమీ సంబంధం లేదన్నట్టు మీసం కింద పడుకొని ఉంటుంది. ఇట్లాంటి మొహం గేములో బొమ్మగా వస్తే యామిని ఒక్క పూటలో చేసి అవతల పెట్టేది, పనే తక్కువ. మనిషిగా వస్తే మాత్రం మూడేళ్లు నమ్మింది. ఇప్పుడా మూత అద్దం అవతల అమ్మ ముందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. రెండు వరసల అద్దం, గోడలకు కోడిగుడ్ల అట్టలు. ఎన్నికలప్పుడు ఆటోలకు కట్టే మైకుల కోసం ప్రచారం రికార్డు చేద్దామని మార్కాపురంలో ఎరువుల దుకాణం మీది మేడలో కట్టించుకున్న గది అది. ఎన్నికలు అయిదేళ్లకొకసారే వస్తాయి కాబట్టి మిగతా రోజులు ఆనంద్ బాబు గేముల ఆఫీసు, యామిని పనిచేసేది అందులోనే. లోపల గొంతు చించుకొని అరిచినా బయటికి చీమ చిటుక్కుమన్నంత కూడా రాదు. "నువ్వు బయట కూర్చో తల్లీ. నువ్వుంటే అక్క సిగ్గుపడతాది. గంటలో అయిపోతాది" అన్నాడు పోయేముందు. గోడ గడియారంలో అప్పుడు సరిగ్గా నాలుగు. ఇప్పుడు నాలుగూ పన్నెండు. అక్క. అక్కా అనడానికి పెదాలతో పనిలేదు, గొంతు వెనకే ఆ మాట అయిపోతుంది. అమ్మా అనాలంటే రెండు పెదాలూ వచ్చి కలవాలి. అందుకేనేమో వీడికి ఊళ్లో ఆడవాళ్లందరూ అక్కలే. వాడికి తెలియని సంగతి ఒక్కటే. అద్దం ఉన్నంత మాత్రాన యామినికి వినపడకుండా పోదు. మనుషుల మాట వినడానికి ఆమెకు చెవులతో అంత పనిలేదు.

అది ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. పలకల ఫ్యాక్టరీలో, చెక్క చట్రాల గుట్ట పక్కన, బడి వదిలి వచ్చి కూర్చున్న సాయంత్రాల్లో నేర్చుకుంది. రేకుల షెడ్డులో ఎనిమిది కటింగు మిషన్లు ఒక్కసారి రాయిని కోస్తుంటే ఆ రొదకు పళ్లు జివ్వుమనేవి. అక్కడ గొంతు వాడేవాడు పిచ్చివాడు. అందుకని ఆడవాళ్లు గొంతు ఆపేసి ఒట్టి నోటితోనే మాట్లాడుకునేవాళ్లు, పెదాలు బాగా సాగదీసి, దవడ దించి, అడగాల్సిందైతే కనుబొమలు ఎత్తి. మిషను మాట అనేవాళ్లు దాన్ని. ఈ చివరి మిషను మీది మనిషి ఆ చివరి మిషను మీది మనిషిని ఏం కూర వండినావని అడిగేది, పప్పని ఆమె చెప్పేది, మళ్లీ పప్పేనా అని నడిమి ఆరుగురూ నవ్వేవాళ్లు, శబ్దం లేకుండా, భుజాలతో. మేస్త్రీని ఆయన ముందరే తిట్టుకునేవాళ్లు. ఆయన పొదిలి నుంచి వచ్చిన మనిషి, ఒక్క ముక్క తెలిసేది కాదు. అమ్మ ఇంటికి వచ్చినాక కూడా గొంతు వేసుకోవడం మరిచిపోయేది, లైటు స్విచ్చి మరిచిపోయినట్టు. పొయ్యి ముందు కూర్చొని యామిని వైపు తిరిగి నోరు ఆడిస్తే "గొంతమ్మా, గొంతు" అని యామిని గుర్తుచేసేది. పక్కింటి పిల్లలు చూసి "మీయమ్మ చేప లెక్క నోరు తెరుస్తాది ఏందే" అనేవాళ్లు. అనేవాళ్లను కొట్టింది కూడా. ఒక్కొక్కసారి వాళ్లతో కలిసి నవ్వింది. 

లోపల అమ్మ మొహం మీద చుక్కలు పెడుతున్నాడు యామినితో పనిచేసే పవన్. నల్ల స్కెచ్‌పెన్ను. నుదుటి మీద ఎనిమిది, చెంపల మీద పన్నెండు, పెదాల చుట్టూ ఒక వరస, ఆ వరసలో ప్రతి చుక్కా యామిని వాడికి నేర్పిందే, ఎక్కడ కండరం లాగుతుందో అక్కడ పెట్టరా అని కాగితం మీద గీసి చూపించింది. అమ్మ నవ్వుతోంది. నోరు చదివింది యామిని: "దిష్టి చుక్క ఒకటి చాలదా నాయనా, ఇన్ని పెడితివి, నాకెవరు దిష్టి పెడతారు." పవన్ కూడా నవ్వాడు. అమ్మ చీర చూస్తే ఒళ్లు మండుతోంది. పెళ్లిళ్లకు తీసే వంగపండు రంగు చీర, కొంగు మడతలు పెట్టి పిన్నీసు గుచ్చుకొని, మొన్న మొన్న తలకు రంగు వేసుకొని. రంగు ఎందుకమ్మా, వాళ్లకు నీ జుట్టుతో పనిలేదు, అంటే వినదు. "ఫోటో తీస్తారంటివి కదే. నీ ఆఫీసు వాళ్లు నన్ను చూసి ఏమనుకోవాల?" ఏమీ అనుకోరు. నువ్వొక మనిషివని కూడా అనుకోరు. అట్లా చెప్పలేదు యామిని. కూర్చోమంటే కూర్చుంటోంది, లేవమంటే లేస్తోంది, సారు సారు అంటోంది, ఇరవై రెండేళ్లు మేస్త్రీల కింద వంగిన నడుము కుర్చీలో కూడా సగానికే ఆనుతోంది. ఈ వినయం చూస్తేనే యామినికి పగలగొట్టాలనిపిస్తుంది, ఏదో ఒకటి, ఆ అద్దమైనా సరే. పవన్ ఇప్పుడు హెల్మెట్ పెడుతున్నాడు. పాత బైకు హెల్మెట్‌ను ముందువైపు కోసేసి, ఇనుప కడ్డీ బిగించి, కడ్డీ చివర ఫోను కట్టారు, మొహానికి జానెడు దూరంలో. అసలు సామానుకు లక్షలవుతాయంట. వీళ్లకు అమ్మ తల ఉంది, హెల్మెట్ ఉంది, చాలు. పక్కన చిన్న బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను. పని అయినాక సంతకం. అమ్మ సంతకం పెట్టగలదు. ఫ్యాక్టరీలో పగిలి పక్కన పడేసిన పలకల మీద నాగమల్లేశ్వరి అని ఏడు నెలలు దిద్దుకొని నేర్చుకుంది, యామినే దిద్దించింది, మూడో తరగతిలో. ఆ సంతకం ఇందుకు పనికొస్తోంది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివింది యామిని ఒక్కతే. నాయన తరం, ఆయన నాయన తరం, పుల్లలచెరువు అవతల అడవి అంచున మెట్ట చేలో కందులు వేసుకొని, నీళ్లు లేక, బోరు వేసి అది కూడా ఎండిపోయి, చివరికి మార్కాపురం వచ్చి రాతి దుమ్ములో పడ్డవాళ్లే. కంప్యూటర్లతో డిగ్రీ పాసయితే నాయన మాల్యాద్రి ఫ్యాక్టరీ అంతా తిరిగి మిషను మాటలో చెప్పుకున్నాడంట, నా బిడ్డ పాసయింది, నా బిడ్డ పాసయింది, ఎనిమిది మిషన్ల దగ్గరా ఆగి. ఉద్యోగం వచ్చిందంటే ఏం పని అని అడిగాడు. గేముల్లో బొమ్మలకు నోరు ఆడించే పని నాయనా అంటే కాసేపు చూసి, "అది మనింట్లో పనేగా" అన్నాడు. నిజమే. సాహసాల గేములంటే పరుగులూ కత్తులూ అనుకుంటారు గానీ అందులో సగం మాటలే. ఆడేవాడు ఊరూరూ తిరుగుతూ కనిపించిన ప్రతివాడినీ అడుగుతాడు, దారి ఎటు, తాళం ఎక్కడ, మా అన్నను చూశారా. కనిపించిన ప్రతివాడూ జవాబు చెప్పాలి. చెప్పేటప్పుడు నోరు మాటకు సరిపోవాలి. ముందు మిషనుకే, అంటే కంప్యూటరుకే, ఇచ్చి చేయించారు. అది గొంతు విని తనంతట తాను నోరు ఆడిస్తుంది, ఆడిస్తుందంటే తెరుస్తుంది మూస్తుంది, ఆనంద్ బాబు లాగా. మ వచ్చినచోట పెదాలు కలవవు. ప వచ్చినచోట కలవవు. పెదాలు కలవకుండా అమ్మ అన్న మనిషిని ఎవరు నమ్ముతారు? "ఎవరు చూస్తారక్కా, ఆడేవాళ్లు స్కిప్పు కొడతారు" అన్నాడు పవన్. "చూసేవాడొకడుంటాడురా" అంది. మనిషి మాట్లాడబోయేముందు ఊపిరి తీసుకుంటాడు, ముందు కళ్లు కదులుతాయి, తర్వాతే నోరు. అబద్ధం చెప్పేవాడికి నోరు ముందు కదిలి కళ్లు తర్వాత వస్తాయి. కోపంలో మాటకు ముందు ముక్కు పక్కన ఒక గీత పడుతుంది. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు, రేకుల షెడ్డులో ఉన్నాయి. ఒక్కొక్క వాక్యాన్ని ముక్కలు చేసి, సెకనుకు ముప్పై బొమ్మలు, ఒక్కొక్క బొమ్మలో పెదవి మూల ఎంత లేవాలో చేత్తో సరిచేసింది. పవన్ రోజుకు నలభై వాక్యాలు లాగించేవాడు. ఆమె ఆరు.

అట్లా చేసిందే పడవ ముసలమ్మ. నది దాటించే ముసలామె, ఆరువందల పధ్నాలుగు వాక్యాలు, గేములో అన్నను వెతుక్కునే పిల్లకు పొడుపుకథలు వేసి, జవాబు చెబితేనే పడవ ఎక్కించుకుంటుంది. గొంతు ఎవరో తెల్లామెది, మాటలు ఇంగ్లీషువి. నోరు మాత్రం అమ్మది. ఆదివారాలు ఇంట్లో అమ్మ చింతపండు గింజలు తీస్తుంటే ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టేది యామిని, అమ్మకు కనిపించేటట్టే, ఏదో చూసుకుంటున్నట్టు. ఎందుకే అని అమ్మ అడగలేదు, అడిగితే చెప్పేదేమో, అడగలేదు కదా. నలభై గంటలు పోగయింది. అమ్మ కసిరింది, పక్కింటి ఆదిలక్ష్మమ్మను వెక్కిరించింది, దగ్గింది, దగ్గు అయినాక పెదాలు తడుపుకొని మిగిలిన మాట పూర్తిచేసింది. ఆ దగ్గు కూడా వాడుకుంది. నలభై ఎనిమిదేళ్ల అమ్మ మొహం డెబ్బై ఏళ్ల ముసలిదానికి ఎక్కడా సవరించకుండా అతికింది. అది తలుచుకున్నప్పుడల్లా దుమ్మును తిట్టాలో తనను తిట్టుకోవాలో తేలేది కాదు, తేలకముందే తర్వాతి వాక్యం వచ్చేది. గేము పని పంపిన వాళ్లు, ఏ దేశమో కూడా సరిగా తెలియదు, సముద్రాల అవతల, మిగతా ఎవరినీ ఏమీ అనలేదు. ముసలమ్మను మాత్రం పట్టుకున్నారు. ఈమె బొమ్మ కాదు, బతికే ఉంది, ఈమె ఎవరు, ఈ మొహం ఎవరిది అని ఉత్తరం మీద ఉత్తరం. యామిని చెప్పింది. మా అమ్మ సార్. చెప్పినప్పుడు గర్వంగానే చెప్పింది. అదీ తప్పు. ఆనంద్ బాబు ఆ రోజు బాదంపాలు తెప్పించాడు. "నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తా తల్లీ. అక్కను ఒక్కసారి తీసుకురా. నాలుగు మొహాలు పెట్టిస్తాం, రికార్డు చేసుకుంటాం. ఇంట్లో మనిషికి ఇబ్బందేంది?" ఇబ్బందేంది అన్నప్పుడు కళ్లు తర్వాత వచ్చాయి. చూసింది యామిని. చూసి కూడా అమ్మకు చెప్పింది, రామ్మా, ఫోటోలు తీస్తారంట, నా ఉద్యోగం గట్టిపడతాదంట. గట్టిపడటమంటే ఏంటో అమ్మకు తెలుసు. అందుకే తలకు రంగు.

నాలుగూ ఇరవై ఆరు. లోపల అమ్మ అక్షరాలు పలుకుతోంది. అ. ఆ. ఓ. మ. పిల్లలు బళ్లో చెప్పినట్టు, ప్రతిదానికీ ఒకసారి ఆనంద్ బాబు వైపు చూసి, సరిగా చెప్పినానా సారూ అన్నట్టు. ఆయన ఫోను మోగింది కాబోలు, తీసి, అద్దం వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. ఇంగ్లీషులో. పక్కనున్న అమ్మకు ఇంగ్లీషు రాదని, అద్దం ఇవతల యామినికి వినపడదని. రెండు ధైర్యాలు. యామిని గొంతు లేని ఆ మూతను చదువుతూ కూర్చుంది, మామూలుగా, వాక్యం చేసుకునేటప్పటిలాగే, చదువుతున్నదేమిటో, ఫోనులో అవతలున్నది గేము వాళ్లేనని, ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఈ సాయంత్రానికి అయిపోతుంది. మొత్తం మొహం వస్తుంది, నవ్వూ ఏడుపూ అన్నీ. ఒకసారి మీ మిషనుకు ఎక్కిస్తే తర్వాత ఏ ముసలిదానికైనా తొడుక్కోవచ్చు, ఎన్ని గేములకైనా. కాగితం మీద సంతకం చేయిస్తున్నాను, ఎప్పటికీ మీదే. ఆ పిల్లా? ఆ పిల్ల ఎందుకిక, చేత్తో చేసే పని ఎవరికి కావాలి, నెలాఖరుకు పంపించేస్తాను. చివరి మాటకు నవ్వాడు. నవ్వినప్పుడు కూడా పై పెదవి లేవలేదు. యామిని చేతులు కీబోర్డు మీద అట్లాగే ఉన్నాయి. లేవాలి. తలుపు తట్టాలి. లేస్తే ఏమనాలి? మీరు మాట్లాడింది నేను చూశాను అనాలా? చూడటమేంది తల్లీ అంటాడు, ఆ నోటితోనే. బయట ఎవడో ఎరువుల లారీ వెనక్కి తీస్తున్నాడు, రైట్ రైట్ అని బండి చెక్క మీద కొడుతున్నారు, కింద దుకాణంలో ఎవరో యూరియా రాలేదా అని అరుస్తున్నారు. ఈ లోకమంతా గొంతులే. ఎవడికీ మొహం లేదు.

నాయనకు మొహం ఉండేది. షెడ్డులో అందరికంటే నోటికి ఎక్కువ పనిచెప్పేది ఆయనే. మిషను మాటలో ఒక చిక్కు ఉంది. బయటివాళ్లకు అది తట్టదు, అందులో ఉన్నవాళ్లకు అది చిక్కు అని కూడా తోచదు. దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకోవాలి. గుడ్డ కట్టుకుంటే నోరు కనిపించదు. నోరు కనిపించకపోతే మాట లేదు. పొద్దున ఎనిమిదికి షెడ్డులో అడుగుపెట్టేటప్పుడు అందరూ గుడ్డలు కట్టుకొనే వచ్చేవాళ్లు, చెవుల మీదుగా రెండు చుట్లు, మెడ వెనక ముడి. తొమ్మిదయ్యేసరికి ఒక్కొక్కటే గడ్డం కిందికి జారేది. ఎవరో ఏదో అడుగుతారు, జవాబు చెప్పాలి కదా. ఒక్క మాటే కదా. పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి బూడిదరంగు దుమ్ము. ఎవరూ తోసి పంపలేదు వాళ్లను ఆ దుమ్ములోకి, గుడ్డలు ఫ్యాక్టరీ వాళ్లే ఇచ్చారు, మా తప్పేముంది అని యజమాని అన్నప్పుడు అది అబద్ధం కూడా కాదు, అదే మంట. పని చేసినందుకు కాదు, మాట్లాడుకున్నందుకు పోయారు. నాయన అవతలి వరసలో నిలబడి అమ్మతో పొద్దస్తమానం మాట్లాడేవాడు. మేస్త్రీ ముక్కు మీద, కందిచేను మీద, యామిని మార్కుల మీద. అమ్మ మధ్యలో మిషను ఆపి మరీ అరిచేది, నోటితోనే: గుడ్డ కట్టుకో. ఆయన కట్టుకునేవాడు. కట్టుకొని కళ్లతో నవ్వేవాడు. రెండు నిమిషాల్లో ఇంకో మాట గుర్తొచ్చేది. గుడ్డ కట్టుకో, గుడ్డ కట్టుకో, ఇంట్లో కూడా అమ్మకు అది ఊతపదమైపోయింది. జలుబు చేసిన యామినికి, వాన వచ్చినప్పుడు మేకకు, అన్నిటికీ అదే. రెండేళ్ల కిందట ఆఖరి నెలలో నాయనకు గొంతు పోయింది. ఊపిరి చాలక మంచం మీద మిషను మాటలోనే మాట్లాడాడు, షెడ్డు లేదు, రొద లేదు, ఇంట్లో నిశ్శబ్దం, అయినా అదే మాట. ఆసుపత్రి నర్సుకు తెలిసేది కాదు, యామిని చెప్పేది, నీళ్లడుగుతున్నాడు, కిటికీ మూయమంటున్నాడు. ఆఖరి పొద్దున ఆయన అమ్మ వైపు చూసి ఏదో చెప్పాడు, నవ్వుతూనే, మెల్లగా, అంతా పూర్తిగా. గుడ్డ కట్టుకోవాల్సింది లేవే. అంతే.

అమ్మ ఏడ్చింది. దాని గురించి యామిని ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఏడ్చేటప్పుడు ముందు దవడ వణికింది. తర్వాత కింది పెదవి ఎడమవైపు జారింది. ఆ రెంటికీ నడుమ నాలుగు బొమ్మల కాలం. యామిని లెక్కపెట్టింది. నాయన అక్కడ మంచం మీద ఉన్నాడు, ఇంకా కళ్లు మూయలేదు ఎవరూ, ఆమె అక్కడే నిలబడి లెక్కపెట్టింది. పని అలవాటు అని తర్వాత చెప్పుకుంది, ఏడ్వకుండా ఉండటానికి అని చెప్పుకుంది. మూడు రోజుల సెలవిచ్చి రెండో రోజే ఫోను చేసిన ఆనంద్ బాబును తిట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. పడవ ముసలమ్మ ఆరువందల పదకొండో వాక్యం ఎదురుగా ఉంది. మీ అన్న నది దాటిపోయాడమ్మా, ఇక రాడు. దానికి ఆ ఏడుపు పెట్టింది. దవడ, నాలుగు బొమ్మలు, పెదవి. సముద్రాల అవతలి వాళ్లను పట్టేసింది ఆ వాక్యమే. మరి ఆనంద్ బాబును ఏమని తిడుతుంది? వాడు కాగితం పెట్టి అడుగుతున్నాడు. ఆమె అడగను కూడా అడగలేదు. తిట్టాలి. వాడినీ తిట్టాలి, తననూ తిట్టుకోవాలి, చాలినన్ని తిట్లు ఉన్నాయి ఈ సీమలో.

నాలుగూ నలభై. లోపల నవ్వు అయింది, కోపం అయింది, భయం అయింది. కోపం పెట్టమంటే అమ్మ ఎవరినో తలుచుకొని చక్కగా పెట్టింది, ముక్కు పక్కన గీతతో సహా. పవన్ బొటనవేలు ఎత్తి చూపాడు. ఆనంద్ బాబు చేతిలోని చిట్టాలో ఇంకొకటే మిగిలింది. చెప్పాడు. అమ్మ మొహం ముడిచింది, కళ్లు చిట్లించింది, దొంగ ఏడుపు, పిల్లలు పాలు తాగమంటే ఏడ్చేది. ఆనంద్ బాబు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ. మళ్లీ అదే. "రావడంలేదు సారూ" అంది అమ్మ, సిగ్గుపడుతూ. "ఉత్తపుణ్యానికి ఏడుపు ఎట్ల వస్తాది?" ఆనంద్ బాబు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, తల పక్కకు వంచి, పరామర్శకు వచ్చినవాడిలాగా. యామిని లేచి నిలబడింది, ఎందుకు లేచిందో ముందు కాళ్లకే తెలిసింది. ఆ మూత తెరుచుకుంది. "మాల్యాద్రన్న పోయిన రోజు ఒక్కసారి తలుచుకో అక్కా."

ఫోను ముందు అమ్మ మొహం ఆగిపోయింది. వినయం పోయింది, సారు పోయింది. కాసేపు ఆ మొహంలో ఏమీ లేదు, కోసి పక్కన పెట్టిన రాయిలాగా. తర్వాత దవడ. యామినికి తెలుసు. ఇప్పుడు నాలుగు బొమ్మలు, తర్వాత పెదవి. ఒకటి. వద్దమ్మా. ఎప్పటికీ వాళ్లదే అయిపోతుంది, ఏ ముసలిదానికైనా తొడుగుతారు, నాయన కోసం నీకు వచ్చిన ఏడుపు ఏ దేశంలోనో ఎవడో బొమ్మ ఓడిపోయినందుకు ఏడుస్తుంది. రెండు. అద్దం మీద రెండు చేతులూ పడ్డాయి. చప్పుడు లోపలికి పోలేదు, అద్దం అదిరిందేమో, అమ్మ తల తిప్పింది. హెల్మెట్ కడ్డీ, ఫోనూ తలతో పాటే తిరిగాయి, వాటి నడుమ నుంచి నలభై చుక్కల మొహం కూతురిని చూసింది. కనుబొమలు లేచాయి. గొంతు లేకుండా, షెడ్డులో అడిగినట్టు, పెదాలు సాగదీసి అడిగింది: "ఏడ్వమంటన్నాడే. ఏడిస్తే నీ పని గట్టిపడతాదా?"

మూడే మాటలు చెప్పాల్సింది. గట్టిపడదమ్మా, నన్ను తీసేస్తారు. కానీ యామిని నోటికి అవి రాలేదు. అద్దానికి మొహం ఆనించి, ఊపిరికి అద్దం మసకబారితే అరచేత్తో తుడిచి, దవడ దించి, ఆరేళ్ల పిల్లప్పుడు నేర్చుకున్నట్టు, ఒక్కొక్క అక్షరం తెరిచి చెప్పింది. గుడ్డ. కట్టుకో.

అమ్మకు ముందు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది, ఎవరు ఎవరికి చెప్పే మాట అది అని నిలిచిపోయింది. యామిని మళ్లీ చెప్పింది. గుడ్డ కట్టుకోమ్మా. ఆనంద్ బాబు వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరు ఆడవాళ్లు అద్దానికి అటొకరూ ఇటొకరూ నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటే ఆయనకు మతి పోయినట్టుంది, మేస్త్రీలాగా, ఒక్క ముక్క తెలియక. "ఏందక్కా, ఏమంటాది అమ్మాయి?" అని అమ్మను అడిగాడు. అమ్మ గడ్డం కింది పట్టీ విప్పుకుంది. హెల్మెట్ తీసి, ఇనుప కడ్డీతో సహా, బల్ల మీది కాగితం మీద దించింది. పెన్ను దొర్లి కింద పడింది. పవన్ పెన్ను తీయబోయి, మళ్లీ ఎందుకో తీయకుండా ఆగిపోయాడు. అమ్మ కొంగుకు గుచ్చిన పిన్నీసు తీసి వేళ్ల మధ్య పట్టుకుంది. వంగపండు రంగు కొంగు జారింది. దాన్ని చేతిలోకి తీసుకొని, రెండు మడతలు వేసి, ముక్కు మీదుగా, చెవుల మీదుగా, ఒక చుట్టు, రెండు చుట్లు, మెడ వెనక పిన్నీసు. పదేళ్లయింది షెడ్డు మానేసి, చేతులు ఒక్కచోట తడుముకోలేదు. చుక్కలన్నీ గుడ్డ కిందికి పోయాయి. నుదుటి మీది ఎనిమిది మాత్రం మిగిలాయి.

అప్పుడు ఆనంద్ బాబు పై పెదవి కదిలింది. మీసంతో సహా పైకి లేచి, చిగుళ్లు కనిపించాయి, ముక్కు పక్కన గీత పడింది. మూడేళ్లలో మొదటిసారి ఆ మొహంలో నిజం మాట ఒకటి వస్తోంది, అది ఏ తిట్టో చదవడానికి కూడా యామిని అటు చూడలేదు. పని పోయింది. నెలాఖరుకు పోవాల్సింది ఇప్పుడే పోయింది, అంతే తేడా. ఆదివారాల నలభై గంటలు ఆమె ఫోనులోనే ఉన్నాయి. ఇంటికి పోయి, చెరిపే ముందు అమ్మకు ఒకసారి చూపించాలి, చూపించి చెప్పాలి, లెక్కపెట్టిన నాలుగు బొమ్మల సంగతి కూడా. అమ్మ కొడుతుందేమో. కొట్టాలి.

అమ్మ అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది. గుడ్డ పైన కళ్లు కూతురినే చూస్తున్నాయి, తడిగానో కోపంగానో. గుడ్డ లోపల పెదాలు కదులుతున్నాయి. గాలికి గుడ్డ ఒకచోట లోపలికి పీల్చుకొని, మళ్లీ బయటికి వస్తోంది. ఏదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. ఏమన్నదో యామినికి తెలియలేదు.